వృత్తిలో మన బలాలు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగంలో కొన్నేళ్లు గడిచాక "ఇక ముందుకు ఎలా వెళ్లాలి?" అన్న ప్రశ్నతో వచ్చేవారికి దారి చూపడం నా వృత్తి. హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేవారిలో ఆసుపత్రి సిబ్బంది, అకౌంటెంట్లు, ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు, చిన్న పరిశ్రమల సూపర్‌వైజర్లు ఎక్కువ. మీ బలం ఏమిటని అడిగితే చాలామంది ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టిన జవాబు చెబుతారు, లేదా మౌనంగా ఉండిపోతారు. రెండింటి వెనుకా పాతుకుపోయిన కొన్ని అపోహలు ఉన్నాయి.

అపోహ: నాకు చెప్పుకోదగ్గ బలమేదీ లేదు.

వాస్తవం: ఏ పని మనకు శ్రమ లేకుండా సాగిపోతుందో, అది అందరికీ అంతే తేలిక అనుకుంటాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, రోజూ చేతిలో ఉన్న నేర్పును లెక్కలోకి తీసుకోం.

ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఒకామె నా దగ్గరికి వచ్చి, "నాకేం వచ్చు మేడమ్, కాగితాలు పంపడమే కదా నా పని" అన్నారు. నేను బలాల ప్రస్తావన మానేసి, ముందురోజు డ్యూటీలో ఏమేం చేశారో గంట గంటకూ చెప్పమన్నాను. మధ్యాహ్నం ఒక డిశ్చార్జి ఫైలు బీమా సంస్థకు పంపబోతూ, కాలు ఎలా విరిగిందన్న దానికి అడ్మిషన్ కాగితంలో మెట్ల మీద నుంచి పడినట్టు, డిశ్చార్జి సమ్మరీలో బైకు మీద నుంచి పడినట్టు రాసి ఉండటం ఆమె గమనించారట. వెంటనే వార్డుకు వెళ్లి, డాక్టరుతో మాట్లాడి, జరిగినదేమిటో నిర్ధారించుకుని, సమ్మరీ సరిచేయించాకే ఫైలు పంపారు. ఆ తేడాతోనే ఫైలు వెళ్లి ఉంటే బీమా సంస్థ నుంచి క్వెరీ వచ్చేది, దానికి జవాబు పంపి అనుమతి వచ్చేసరికి ఆ కుటుంబం రాత్రి దాకా కౌంటర్ ముందే కూర్చోవలసి వచ్చేది. ఇదంతా చెప్పి, "ఇది ఎవరైనా చూస్తారు కదా?" అని నన్నే అడిగారు.

ఎవరైనా చూడరు. అదే డెస్క్‌లో ఉన్న మిగతా ఇద్దరూ అనుమానం వచ్చిన ప్రతి ఫైలునూ ఆమెకు ఒకసారి చూపించాకే పంపుతారని ఆ తరువాతి మాటల్లో తెలిసింది. ప్రశ్న ఎక్కడి నుంచి రాబోతుందో ముందే పసిగట్టగలగడం ఆమె బలం. అటువంటి బలం ఆడిటింగ్‌లోనూ, నాణ్యతా విభాగంలోనూ, శిక్షణలోనూ పనికివస్తుంది. "కష్టపడి పనిచేస్తాను" అన్న జవాబులో అది ఎక్కడా కనిపించదు. తోటివారు ఏ పనికి మనల్ని వెతుక్కుంటూ వస్తారు, ఎదుటివారి పనిలో ఏ తప్పు మన కంటికి ముందుగా పడుతుంది అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెడితే, ఏమీ లేదనుకున్నవారికి కూడా ఏదో ఒకటి దొరుకుతుందని నా అనుభవం.

అపోహ: ఆన్‌లైన్ పరీక్ష రాస్తే బలాలన్నీ తెలిసిపోతాయి.

వాస్తవం: 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఇది మీ ఫలితం అంటూ అందరికీ ఒకే వివరణను విడివిడిగా ఇచ్చారు. అది తమకు ఎంతవరకు సరిపోయిందో 5కు అంకె వేయమంటే సగటు 4.26 వచ్చింది. పొగడ్త కొంత, హెచ్చరిక కొంత కలిపి రాసిన మాటలు ఎవరికైనా తమ గురించే రాసినట్టు అనిపిస్తాయి. బలాలను 34 విభాగాలుగా చూపే గాలప్ సంస్థ పరీక్ష వంటివి ఎంతో శ్రద్ధతో తయారైనవే కానీ, అవి కూడా మన గురించి మనం చెప్పుకున్న జవాబుల మీదే ఆధారపడతాయి. వాటి నుంచి మనకు దక్కేది మాట్లాడుకోవడానికి కొన్ని మంచి పదాలు. అందుకే రిపోర్టు తెచ్చినవారిని, అందులోని ప్రతి బలానికీ గడిచిన ఆరు నెలల్లో జరిగిన ఒక సంఘటన చెప్పమంటాను. సంఘటన దొరకని పదాన్ని పక్కన పెట్టేస్తాం.

అపోహ: ఇష్టమైన పనే నా బలం.

వాస్తవం: కొన్నిసార్లు అవుతుంది, కొన్నిసార్లు కాదు. ఇష్టం మన మనసుకు తెలుస్తుంది, బలం పని ఫలితంలో తెలుస్తుంది.

అపోహ: ప్రశాంతంగా కూర్చుని ఆలోచిస్తే నా బలం నాకే తెలుస్తుంది.

వాస్తవం: జ్ఞాపకం మనకు అనుకూలంగానో, ప్రతికూలంగానో ఒరుగుతుంది, కాగితం ఒరగదు. మేనేజ్‌మెంట్ ఆచార్యులు పీటర్ డ్రకర్ 1999లో రాసిన ఒక వ్యాసంలో సూచించిన పద్ధతినే నేను ఎక్కువగా వాడుతున్నాను. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడు దాని ఫలితం ఎలా ఉంటుందనుకుంటున్నామో అప్పుడే రాసిపెట్టి, 9 నుంచి 12 నెలల తరువాత అసలు ఫలితంతో పోల్చి చూడటం ఆ పద్ధతి. నోటుపుస్తకంలో తేదీ, నిర్ణయం, అంచనా రాసి, నాలుగో గడి ఖాళీగా వదిలితే చాలు. రెండేళ్లు ఆగగలిగితే, ఏ రకం పనుల్లో మన అంచనా నిజమవుతోందో, ఎక్కడ పదేపదే తప్పుతోందో ఆ పుస్తకమే చెబుతుంది.

దీనితోపాటు ఇతరుల కళ్లు కూడా కావాలి. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్‌టన్ ఇంఘమ్ రూపొందించిన జోహారి విండోలో (మన గురించి మనకూ ఇతరులకూ తెలిసినవీ తెలియనివీ నాలుగు గడులుగా చూపే పటం), ఇతరులకు తెలిసి మనకు తెలియని భాగం ఒకటి ఉంటుంది. చాలామంది ఆ భాగంలో లోపాలే ఉంటాయనుకుని భయపడతారు గానీ, ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆమె బలం ఉన్నది సరిగ్గా అక్కడే.

అపోహ: బలాన్ని ఎంత ఎక్కువ వాడితే అంత మంచిది.

వాస్తవం: ప్రతి ఎంట్రీనీ రెండుసార్లు సరిచూసే ఒక అకౌంటెంట్‌కు ఆ జాగ్రత్త వల్లే మంచి పేరు వచ్చింది. బాధ్యత పెరిగి, కింద నలుగురు చేరాక కూడా వారి ఎంట్రీలన్నీ ఆయనే మళ్లీ సరిచూడటం మొదలుపెట్టారు. నెల నెలా 20వ తేదీలోపు వేయవలసిన జీఎస్‌టీఆర్-3బి అనే జీఎస్‌టీ రిటర్నులు చివరి రోజు రాత్రికి చేరాయి, ఆ నలుగురూ నేర్చుకోవడం మానేశారు. ఆయన బలం తగ్గలేదు, కానీ దాన్ని ఎక్కడ ఆపాలో తెలియక అదే అడ్డంకిగా మారింది. ఏ ఫైళ్లను తాను చూడనవసరం లేదో రాసుకోవడం ఆయనకు అన్నిటికన్నా కష్టమైన అభ్యాసం అయింది.

అపోహ: బలాల మీదే దృష్టి పెట్టాలి, లోపాలను వదిలేయవచ్చు.

వాస్తవం: బలాన్ని ఎదుటివారికి చేరనివ్వని లోపాన్ని వదిలేయకూడదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారితో మాట్లాడినప్పుడల్లా ఇది నాకు బాధ కలిగిస్తుంది. ఇంగ్లిష్‌లో తడబడటాన్ని వారు తెలివితక్కువతనంగా భావించి, పనిలో తమకున్న పట్టును కూడా అనుమానించుకుంటారు. భాష నేర్చుకోదగిన నైపుణ్యం, దానికి వ్యక్తిత్వంతో ముడి లేదు. తమ పనికి అవసరమైన మెయిల్స్, రిపోర్టులు, మీటింగ్‌లో చెప్పవలసిన అయిదు నిమిషాల మాటలు, అంతవరకు పట్టుదలగా నేర్చుకుంటే చాలు. అనర్గళంగా మాట్లాడటం వచ్చేదాకా ఎదుగుదలను వాయిదా వేసుకోనవసరం లేదు.

అపోహ: అనుభవం పెరిగితే నైపుణ్యం దానంతట అదే పెరుగుతుంది.

వాస్తవం: పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారన్న మాట చాలామంది విన్నారు. దానికి ఆధారం మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ వయొలిన్ విద్యార్థులపై చేసి 1993లో ప్రచురించిన అధ్యయనం. అందులో ఆ అంకె ఒక సగటు మాత్రమే. ఎరిక్సన్ నొక్కి చెప్పింది గంటల సంఖ్యను కాదు, గురువు సూచన మేరకు రాని భాగాన్నే ఎంచుకుని, తప్పు ఎక్కడుందో చూసుకుంటూ చేసే సాధనను. పదిహేనేళ్లు ఒకే పాఠాన్ని ఒకే తీరున చెప్పిన ఉపాధ్యాయుడు, తన పాఠాన్ని తోటి ఉపాధ్యాయునితో నెలకొకసారి పరిశీలింపజేసుకున్న మూడేళ్ల ఉపాధ్యాయుని కన్నా వెనుకబడటం నేను చూశాను.

అపోహ: ఎదుగుదల అంటే పదోన్నతే.

వాస్తవం: పదోన్నతి అక్కడ ఖాళీ ఉంటే వస్తుంది. బలం తెలిసినవారు ఖాళీ కోసం ఎదురుచూడకుండా, తమ పని పరిధిని పెంచుకోగలరు. ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆమె, క్వెరీలు ఎక్కువగా వచ్చే సందర్భాలను ఒక పేజీలో తెలుగులో రాసి, అడ్మిషన్ కౌంటర్ వారికి ఇవ్వవచ్చా అని తన మేనేజర్‌ను అడిగారు. ఇప్పుడు ఆ కాగితం అడ్మిషన్ కౌంటర్ గాజు పలకకు లోపలివైపున అంటించి ఉంది. అందులో మొదటి వరుస: "దెబ్బ ఎలా తగిలిందో పేషెంట్ చెప్పిన మాటల్లోనే రాయండి."