తిరగేసిన కుక్కర్

మధురవాడ నుంచి ఒక పాఠకుడు రాశారు. పెట్రోలు కారు. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగితే బానెట్ కింద సన్నగా బుస కొడుతుందట. యాక్సిలరేటర్ నొక్కితే ఆ చప్పుడు పోతుందట. ఆగి ఉన్నంతసేపూ ఇంజన్ కాస్త వణుకుతుందట. ఏమిటిది అని అడిగారు.

ముందు రెండు బుసలు పక్కన పెడదాం. ఏసీ వేసుకుని వచ్చి ఇంజన్ ఆపాక కొన్ని సెకన్లు స్‌స్‌స్ మంటే అది లోపల గ్యాస్ సర్దుకునే చప్పుడు, రోగం కాదు. ఆవిరి కనిపించినా, టెంపరేచర్ ముల్లు పైకెక్కినా బండి ఆపేయాలి. రేడియేటర్ మూత వేడిమీద అసలు తీయకూడదు, ఒళ్లు కాలిపోతుంది.

ఈయన చెప్పిన బుస వేరు. ఆగినప్పుడు వచ్చి, నొక్కితే పోవడంలోనే జవాబు ఉంది.

వంటింట్లో కుక్కర్‌ని గుర్తు తెచ్చుకోండి. వెయిట్ లేచే వేళకి లోపలి పీడనం బయటి గాలికి దాదాపు రెట్టింపు. అందుకే ఆవిరి అంత జోరుగా బయటికి తన్నుకొస్తుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఉండగా ఊరికే తిరుగుతూ ఉన్న పెట్రోలు ఇంజన్ దీన్ని తిరగేసినట్టు ఉంటుంది. గాలి వచ్చే దారిలో తలుపులాంటి థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, పిస్టన్లేమో పీలుస్తూనే ఉంటాయి. దాంతో గాలిని సిలిండర్లకి పంచే గొట్టం, అంటే మానిఫోల్డ్, లోపలి పీడనం బయటి దానిలో మూడో వంతు దరిదాపులకి పడిపోతుంది. దానికి తగిలించిన రబ్బరు పైపు ఎక్కడైనా పగిలితే, కుక్కర్లో ఆవిరి బయటికి వచ్చినంత జోరుగా ఇక్కడ గాలి లోపలికి దూరుతుంది.

ఎంత జోరు? లోపలి పీడనం బయటి దానిలో 53 శాతం కంటే తగ్గితే, చీలికలో బాగా ఇరుకైన చోట గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. మన విశాఖ ఎండలో అది సెకనుకు సుమారు 320 మీటర్లు. అక్కడ అంతకు మించదు. లోపల పీడనం ఇంకా తగ్గిందన్న కబురు బయటి గాలికి అందాలంటే ధ్వని వేగంతోనే ప్రయాణించాలి. ఎదురుగా గాలీ అదే వేగంతో వస్తుంటే ఆ కబురు ఏటికి ఎదురీదుతూ ఉన్నచోటే ఉండిపోతుంది. ఇక లోపల ఎంత పీల్చినా ప్రవాహం పెరగదు.

ఇప్పుడు యాక్సిలరేటర్ నొక్కండి. థ్రాటిల్ తెరుచుకుని లోపలి పీడనం బయటి దానికి దగ్గరవుతుంది, చీలికలో వేగం పడిపోతుంది. గాలి ధార చేసే చప్పుడు దాని వేగానికి ఎనిమిదో ఘాతంలో మారుతుందని బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ 1952లో చూపించాడు. వేగం సగమైతే ధ్వని శక్తి 256వ వంతు! పైపు ఇంకా కారుతూనే ఉంటుంది, మన చెవికి మాత్రం వినిపించదు.

వణుకు సంగతి. 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిల్లు సెకనుకు దాదాపు అర గ్రాము గాలిని లోపలికి వదులుతుంది. 1.2 లీటర్ల ఇంజన్ ఐడ్లింగ్‌లో పీల్చే మొత్తమే సుమారు 2 గ్రాములు. ఒక గ్రాము స్వచ్ఛమైన పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి ఉండాలన్న లెక్క అక్కడ చెడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ చెబితే కంప్యూటర్ పెట్రోలు పెంచి సర్దాలని చూస్తుంది. మెకానిక్ స్కానర్ పెడితే ఫ్యూయల్ ట్రిమ్ చూపించమనండి, కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె అది. ఐడ్లింగ్‌లో బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నాకి దిగొస్తే ఎయిర్ లీక్ అని దాదాపు ఖాయం.

శూన్యం లాగుతుందని బళ్లో మనకి నేర్పారు. ఇప్పటికీ అలాగే నేర్పుతున్నారు, నాకు బాధగా ఉంటుంది. శూన్యం దేన్నీ లాగదు, బయటి గాలే తోస్తుంది. ఇది పదాల పట్టింపు కాదు. పంక్చర్ ట్యూబులా సబ్బు నీళ్లు పోసి ఈ లీకుని పట్టుకోలేం, గాలి బయటికి వస్తేనే కదా బుడగ వచ్చేది! అందుకని మీటరు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకోండి, రెండో కొసని పైపుల వెంబడి జరపండి. ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా. బుస గట్టిగా వినిపించిన చోట పైపుని నొక్కి పట్టుకుంటే చప్పుడు మారుతుంది. కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొట్టి వెతికే పద్ధతి ఉంది కానీ వేడి ఇంజన్ మీద అది అంటుకుంటుంది, ఇంటి దగ్గర వద్దు.

ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గర కొత్త కారుకి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం మేమూ. ఆ సంతోషం వేరు. అయితే చప్పుడు వస్తే దిష్టి తగిలిందని ఊరుకున్న వాళ్లని చూశాను. అలా ఊరుకోవద్దు. మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకి అందించే బూస్టర్ కూడా ఈ పీడనం తేడా మీదే పనిచేస్తుంది. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, తొక్కిపెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోయినా, బుస పెడల్ వెనక నుంచి వస్తున్నా, సింహాచలం ఘాట్ కాదు కదా వీధి చివరికి కూడా తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

మధురవాడ కారులో బ్రేకులు బాగానే ఉన్నాయి. ఇంజన్ అడుగున చేరే పొగల్ని మానిఫోల్డ్‌కి తీసుకెళ్లే పీసీవీ పైపు వంపు దగ్గర అడుగు వైపు పగిలింది, పైకి కనిపించలేదు. గాజువాక ఆటోనగర్‌లో పైపూ క్లిప్పూ మార్పించుకున్నారు. బుస వెంటనే ఆగింది. వణుకు మాత్రం ఇంకా కొంచెం ఉందని ఫోన్ చేశారు. కంప్యూటర్ ఇన్నాళ్లూ అదనపు పెట్రోలుకి అలవాటు పడింది, కొంత దూరం నడిస్తే పాత లెక్క మరిచిపోతుంది అని చెప్పాను. మరో రెండు రోజులు ఆఫీసుకి వెళ్లొచ్చేసరికి అదీ పోయింది.