కింద చేప, పైన బాతు

పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయం కావచ్చు, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కావచ్చు, డిసెంబరులో నీళ్ళ మీదికి ఉత్తరాది నుంచి వలస బాతులు దిగుతాయి. నీళ్ళలో ఉన్న చేప మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది, లేదంటే వేలంలో పాడుకున్నవాళ్ళది. దానికి జానెడు పైన ఈదే సూదితోక బాతు మాత్రం అటవీశాఖ పరిధిలోది. చేపను వల నిండా పట్టుకోవచ్చు. బాతును ఒక్కదాన్ని కొట్టినా మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నీళ్ళు ఒకటే, పద్ధతులు రెండు. తమాషా ఏమిటంటే, పట్టుకొమ్మనేవాళ్ళకీ పట్టొద్దనేవాళ్ళకీ ఈ చెరువులో ఏవి ఎన్ని ఉన్నాయో తెలియాల్సిన అవసరం పెద్దగా పడదు. నాకు దీంట్లో అసలు లోపం అక్కడే కనిపిస్తుంది.

ఏ జీవి అయినా చోటు, తిండి ఉన్నంతవరకు పెరుగుతుంది. చాలా తక్కువగా ఉన్నప్పుడు పిల్లలను కనేవే తక్కువ కాబట్టి పెరుగుదల నెమ్మది. చెరువు కిక్కిరిసినప్పుడు తిండి చాలక మళ్ళీ నెమ్మది. మధ్యలో ఎక్కడో, లెక్కల్లో చూస్తే చెరువు మోయగలిగిన సంఖ్యలో సుమారు సగం దగ్గర, ఏటా కలిసే కొత్త ప్రాణుల సంఖ్య అత్యధికం. ఆ కలిసినంత తీసుకుంటే మూలధనం చెక్కుచెదరదు. విత్తనానికి దాచిన వేరుశనగను వేయించుకుని తినకపోవడం లాంటిదే. కాగితం మీద ఇది బాగుంటుంది. వానలు ఏటా ఒకేలా కురవని మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చెరువు మోయగలిగిన సంఖ్యే ఏటా మారిపోతుంది, కాబట్టి ఒకసారి కట్టిన లెక్క పదేళ్ళకు పనికిరాదు.

మన చెరువుల్లో చేపలన్నీ ఒక తీరు కావు. బొచ్చె, రాగండి, ఎర్రమోసు వరద పారే ఏటి నీళ్ళలో గుడ్లు పెట్టే జాతులు, నిలవ నీటి చెరువులో మామూలుగా పెట్టవు. ఒకప్పుడు వాటి పిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. 1957 జూలై 10న ఒడిశాలో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ కార్ప్ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే. అప్పటి నుంచి చెరువులో బొచ్చె అంటే వేసినంత, పెరిగినంత. వేసవికి నీళ్ళు అడుగంటినప్పుడు ఒక్కటీ మిగలకుండా పట్టేసినా శాస్త్రం ప్రకారం తప్పు లేదు, మళ్ళీ వానలకు పిల్లలను తెచ్చి వేస్తారు.

కొర్రమీను సంగతి వేరు. అది చెరువులోనే, గడ్డి గాదం మధ్య చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు నారింజ రంగులో గుంపుగా నీటిపైకి వచ్చి ఊపిరి తీసుకుంటూ తిరుగుతాయి, కింద తల్లో తండ్రో కాపలా. గాలం వేసే కుర్రాళ్ళకు ఈ గుంపు కనబడితే పండగే, ఎందుకంటే దాని కింద పెద్ద చేప ఉంటుందని ఖాయంగా తెలుసు. కప్పపిల్లను గుచ్చి అక్కడ వదిలితే కాపలా చేప ఆకలితో కాకపోయినా కోపంతో అందుకుంటుంది. అది గట్టెక్కిన కాసేపటికి పిల్లల గుంపు మిగతా చేపలకు మేత. చూడ్డానికి పట్టింది ఒక్క చేప. పోయింది మాత్రం ఆ ఏటి సంతానం.

అందుకే సరదా గాలానికి నిబంధనలు రాసుకున్న దేశాల్లో ఇన్ని చేపలు అనడంతో ఆగరు. గుడ్ల కాలంలో వద్దంటారు, ఇంత పొడవు దాటాకే పట్టమంటారు. కొన్నిచోట్ల మరీ చిన్నదాన్నీ మరీ పెద్దదాన్నీ కూడా వదిలేసి, నడిమి సైజు మాత్రమే ఇంటికి తీసుకెళ్ళమంటారు. పెద్దదాన్ని వదలడం మనకు వింతగా అనిపిస్తుంది కానీ, చాలా జాతుల్లో రెట్టింపు బరువున్న ఆడచేప రెట్టింపు కంటే ఎక్కువ గుడ్లే పెడుతుంది.

ఇలాంటి నియమాలను ఎక్కడి నుంచో తెచ్చి ఇక్కడ అతికించలేం. నైరుతి వానలు దండిగా పడే గోదావరి జిల్లాల క్యాలెండరు మనకు పనికిరాదు. మన చెరువులు మొరవ పోయేది, అంటే నిండి అలుగు పారేది, ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలకు. మొరవ మీదుగా చేపలు కింది చెరువుకు దిగుతాయి, వంక పారినంతకాలం కొన్ని ఎదురీది పైకీ వస్తాయి. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళకు ఊళ్ళు టెన్షన్‌తో ఖాళీ చేసిన రోజులు గుర్తున్నాయి కదా, అలాంటి వరదల్లో ఏ చెరువు చేప ఎక్కడ తేలుతుందో చెప్పలేం. వేలం ఒక్కో చెరువుకు విడిగా జరుగుతుంది, చేప మాత్రం ఒకదాని కింద ఒకటిగా ఉన్న చెరువుల గొలుసు మొత్తంలో బతుకుతుంది.

పులికాట్ సరస్సు దగ్గరికి వెళితే గొలుసు ఇంకా పెద్దది. సూళ్ళూరుపేట, తడ వైపు మనది, దక్షిణాన తమిళనాడుది. అక్కడి రొయ్య సముద్రంలో పుట్టి, పిల్లగా సరస్సులోకి వచ్చి పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతుంది. ఉత్తరాన రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతే ఎన్ని వలలను నియంత్రించినా రొయ్య రాదు. తమిళనాడు వైపు జాలర్లకు పాడు అనే పాత ఏర్పాటు ఉంది. మంచి వేట చోట్లను చీట్లు వేసి వంతులవారీగా పంచుకుంటారు. ఏ విశ్వవిద్యాలయమూ నేర్పకుండానే వాళ్ళు వలల సంఖ్యకు హద్దు పెట్టుకున్నారు. సముద్రంలో అయితే తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేట నిషేధం. హద్దు ఎంత పెద్దదిగా గీయాలన్నది ఆ జీవి తిరిగే దూరమే చెబుతుంది.

పక్షుల్లో ఈ దూరం ఖండాలు దాటుతుంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రం విడిగా నిబంధనలు పెట్టుకుంటే బాతు మిగలదని గ్రహించి, 1918లోనే వలస పక్షుల చట్టం తెచ్చారు. కోట్లలో ఎగిరిన ప్రయాణికుల పావురం జాతిలో చివరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయిన నాలుగేళ్ళకు. తర్వాత దేశాన్ని వలస దారుల ప్రకారం నాలుగు ప్రాంతాలుగా విడదీశారు. 1934 నుంచి బాతు వేటగాడు ప్రత్యేక స్టాంపు కొనాలి, ఆ డబ్బు చిత్తడి నేలలు కొనడానికి. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద, 1950 నుంచి గాలం సామాను మీద వసూలు చేసే పన్ను రాష్ట్రాలకు వెళుతుంది. విమానాల్లో తిరిగి బాతులను లెక్కపెట్టే సర్వే 1955 నుంచి నడుస్తోంది, ఈ ఏడు ఎన్ని కొట్టొచ్చో ఆ లెక్కను బట్టి నిర్ణయిస్తారు. ఈ ఏర్పాటు మనకు కావాలని నేను అనను. ఇన్ని తుపాకుల చేతికి ఇన్ని పక్షులను అప్పగించే స్థితిలో మనం లేం.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు కూడా కొన్ని పక్షులను లైసెన్సు మీద వేటాడే వీలుండేది. 1991 సవరణతో అది పోయింది. మంచిదే. కానీ నిషేధం ఉన్నంత మాత్రాన వేట ఆగలేదు. పలమనేరు, కుప్పం వైపు మెట్టచేలల్లో కౌజులకు ఉచ్చులు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. పెంపుడు కౌజును బుట్టలో కూర్చోబెట్టి కూయిస్తారు, ఇప్పుడు మొబైల్లో కూత రికార్డు పెట్టినా సరిపోతోంది. ఆ కూత విని గొడవకు వచ్చేది ఆ చోటు తనదనుకునే మగపక్షి, అంటే జతకట్టి కాపురం పెట్టిందే. హోటళ్ళకు ఫారాల్లో పెంచిన జపాన్ కౌజులు దండిగా దొరుకుతున్నా అడవిదాని రుచి వేరు అనే మాట ఆగదు.

చిన్న పక్షికీ పెద్ద పక్షికీ తట్టుకునే శక్తి ఒకటి కాదు. కౌజు జాతి పక్షులు ఏడాదికే జతకట్టి చాలా గుడ్లు పెడతాయి, వాటిలో ఎక్కువ భాగం మనిషి ముట్టకపోయినా మరుసటి ఏడుకు మిగలవు. హిమాలయాలు దాటి వచ్చే పట్టితల బాతు అలా కాదు. దానికి జతకట్టే వయసు ఆలస్యం, ఆయుష్షు ఎక్కువ, కాబట్టి ఇక్కడ చచ్చిన ఒక్కోటీ మంగోలియాలోనో టిబెట్‌లోనో ఖాళీగా మిగిలే గూడు. మధ్య ఆసియా వలసదారిలో ముప్పై దేశాలున్నాయి, వాటిలో రష్యా, కజకిస్తాన్ లాంటి చోట్ల బాతు వేట చట్టబద్ధం. మన చెరువులో వలస బాతు క్షేమంగా ఉన్నా దారిలో ఏమవుతుందో మన జిల్లా చేతిలో లేదు.

మన చేతిలో ఉన్నది లెక్క. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి, ఎక్కువగా వలంటీర్లతోనే. చేపల వైపు లెక్క ఇప్పటికే రాస్తున్నారు కూడా. చెరువు పట్టిన రోజు బొచ్చె ఎన్ని కిలోలు, కొర్రమీను ఎన్ని కిలోలు అని విడివిడిగా తూస్తారు, ధరలు వేరు కాబట్టి. ఒకే చెరువుకు బొచ్చె, కొర్రమీనుల ఆ రెండు తూకాలనూ ఐదారేళ్ళు పక్కపక్కన పెడితే, కొర్రమీను తగ్గుతోందా, తగ్గితే అది వానల్లేని ఏళ్ళలోనా లేక నీళ్ళు నిండుగా ఉన్న ఏళ్ళలో కూడానా అని తెలుస్తుంది. దాన్నిబట్టి గుడ్ల కాలం ఆంక్ష ఏ వారం నుంచి పెట్టాలో సంఘమే తేల్చుకోవచ్చు. తూకం చిట్టా వ్యాపారి దగ్గరే ఉంటుంది. అడిగితే కిలోలు చెబుతాడు, ధర మాత్రం చెప్పడు.