ఏడవడం మానేసిన పిల్లాడి ఒంట్లో ఏం జరుగుతోంది?

"మొదట్లో రోజూ ఏడుస్తూ ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు అడిగినా ఏమీ చెప్పడు. అలవాటైపోయినట్టుంది, ఇక ఫరవాలేదు కదా?" బడిలో తోటిపిల్లలు ఏడిపిస్తున్న పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే మాట ఇది. ఫరవాలేదని అనుకోవడానికి వీల్లేదు. ఆ మౌనం వెనక ఒంట్లో జరిగే మార్పును పరిశోధకులు లాలాజలంలో కొలిచి చూశారు.

ముందు మాట తేల్చుకుందాం. కాలేజీలో జరిగితే ర్యాగింగ్ అంటాం. దాని మీద 1997లోనే ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టం వచ్చింది. బడిలో జరిగేదానికి మనకున్న మాట "ఏడిపించడం" ఒక్కటే. బావ మరదల్ని ఏడిపించినా అదే మాట, ఆరుగురు కలిసి ఒకణ్ణి ఏడాదిపాటు "నత్తోడా" అని పిలిచినా అదే మాట. నార్వేలో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ ఈ రెంటినీ వేరుచేయడానికి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, పదేపదే చేయడం, అవతలివాడు తిప్పికొట్టలేనంత బలం తేడా ఉండటం. బలమంటే కండబలమే కాదు. గుంపు, కులం, ధారాళమైన ఇంగ్లీషు, ఫోన్‌లో దాచిపెట్టిన ఒక ఫొటో, ఇవన్నీ బలాలే.

ఇక అసలు విషయం. మనిషిని ఒత్తిడికి గురిచేసి కార్టిసాల్ అనే హార్మోనును పెంచాలంటే ఏం చేయాలి? చేతిని మంచునీళ్లలో ముంచితే నొప్పి బాగానే పుడుతుంది కానీ కార్టిసాల్ అంతగా పెరగదు. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంవాళ్లు గట్టి పద్ధతి కనిపెట్టారు. మనిషిని ముక్కూమొహం తెలియని న్యాయనిర్ణేతల ముందు నిలబెడతారు. వాళ్లు నవ్వరు, తల ఊపరు. 5 నిమిషాలు తన గురించి మాట్లాడాలి. తర్వాత 5 నిమిషాలు 1022లోంచి 13 చొప్పున తీసేస్తూ పోవాలి: 1009, 996, 983... ఒక్కటి తప్పినా మళ్లీ 1022 నుంచి మొదలు. అంతే. దెబ్బ లేదు, తిట్టు లేదు. అయినా చాలామందిలో కార్టిసాల్ రెండు మూడు రెట్లవుతుంది. 2004లో సాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ అనే పరిశోధకులు ఇలాంటి 208 ప్రయోగాలను కలిపి చూస్తే, కార్టిసాల్‌ను అందరికన్నా ఎక్కువ ఎగదోసి, అందరికన్నా ఆలస్యంగా దిగనిచ్చేవి రెండు దినుసులు కలిసిన పరీక్షలే అని తేలింది. ఒకటి, నలుగురూ చూస్తూ తక్కువ చేయడం. రెండు, ఏం చేసినా మన చేతిలో లేకపోవడం.

బడిలో ఏడిపించడంలో ఉన్నవి సరిగ్గా ఈ రెండే. ట్రియర్ పరీక్ష పావుగంటలో ముగుస్తుంది, ఆ మనిషి మళ్లీ రానక్కర్లేదు. ఏడో తరగతి పిల్లాడు మాత్రం మర్నాడు 9 గంటలకు మళ్లీ ఆ గదికే వెళ్లాలి.

పక్కదారైనా ఒక మాట. ఎక్కం రాని పిల్లాణ్ణి తరగతి ముందు నిలబెట్టి, తప్పిన ప్రతిసారీ మొదటినుంచి చెప్పించడం మన బళ్లలో ఇంకా ఉంది. అది ట్రియర్ పరీక్షకు నకలు. పైగా ఎవరిని ఏడిపించవచ్చో తరగతికి మాస్టారే చూపించినట్టవుతుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేహదండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ రెండోదాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

ఇప్పుడు మేడ మీద నీళ్ల ట్యాంకును తలుచుకోండి. మెదడులోని హైపోథలమస్ స్విచ్చు. దాని కింద పిట్యూటరీ స్టార్టర్. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు మోటారు. కార్టిసాల్ నీళ్లు. స్విచ్చు పడగానే నీళ్లు ఎక్కడం మొదలై 20 నుంచి 30 నిమిషాల్లో పైమట్టానికి చేరతాయి. ట్యాంకులో బంతిలాంటి ఫ్లోట్ తేలుతూ ఉంటుంది చూశారా, అలాంటివి మెదడులో కార్టిసాల్ గ్రాహకాలు. మట్టం పెరిగిందని ఇవి కబురు పంపితే మోటారు ఆగుతుంది. తర్వాత గంటా గంటన్నరలో మట్టం మామూలుకొస్తుంది. ఇది ఆరోగ్యం. పరీక్షకు ముందు గుండె దడదడలాడటం, అయ్యాక ఆకలేయడం, రెండూ ఈ ట్యాంకు సరిగ్గా ఉందనడానికే గుర్తులు.

రోజుకు మూడుసార్లు, ఎప్పుడు పడుతుందో తెలియకుండా స్విచ్చు పడుతుంటే? మొదటి నెలల్లో నీళ్లు ఎక్కువే ఎక్కుతాయి. పిల్లలు ఏడ్చేదీ, ఆదివారం సాయంత్రం కడుపునొప్పి అనేదీ అప్పుడే. ఆ నొప్పి నటన కాదు. ఇదే సాగితే ఒళ్లు తన సర్దుబాటు తాను చేసుకుంటుంది: ఫ్లోట్‌ను కిందికి దించేస్తుంది. ట్యాంకు పావువంతు నిండిందో లేదో మోటారు ఆగిపోతుంది. బయటికి పిల్లాడు నిమ్మళంగా కనిపిస్తాడు. "అలవాటైపోయింది" అని మనం అనేది ఈ స్థితినే.

ఇది ఊహ కాదనడానికి ఆధారం కవలలు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1994–95లో పుట్టిన కవలలను ఏళ్లతరబడి గమనిస్తున్న అధ్యయనం ఒకటుంది. అందులోంచి ఒకే పోలిక కవలల జంటలు 30 ఏరారు. ప్రతి జంటలో ఒకరు బడిలో వేధింపు పడ్డవారు, రెండోవారు పడనివారు. జన్యువులు ఒకటే, అమ్మానాన్నా ఒకరే, తిండీ ఒకటే. 12 ఏళ్ల వయసులో ఇద్దరికీ ఒత్తిడి పరీక్ష పెట్టి మధ్యమధ్య లాలాజలం తీశారు. వేధింపు పడనివారిలో కార్టిసాల్ పెరిగింది. పడ్డవారిలో ఆ పెరుగుదల మందగించిపోయింది. 2013లో ఇదే బృందం 28 జంటల డీఎన్‌ఏను 5 ఏళ్లప్పుడూ 10 ఏళ్లప్పుడూ పోల్చింది. మెదడులో కబుర్లు మోసే రసాయనం సెరటోనిన్. వేధింపు పడ్డ కవలలో దాని రవాణా ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పెరిగాయి. డీఎన్‌ఏ అక్షరాలు అవే, వాటిమీద కొత్త బిరడాలు పడ్డాయి. ఆ గుర్తులు ఎక్కువున్నవారిలో కార్టిసాల్ స్పందన తక్కువగా ఉంది.

కార్టిసాల్ తక్కువైతే మంచిదేగా అనిపించవచ్చు. కాదు. ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) అదుపులో పెట్టేది అదే. కొళాయిలో నీళ్లు లేని ఇంట్లో నిప్పంటుకుంటే ఎలాగో ఇదీ అలాగే. బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒక వారంలో పుట్టిన పిల్లలను 50 ఏళ్లదాకా గమనించారు. 7, 11 ఏళ్లప్పుడు తరచూ వేధింపు పడినవారు 15 శాతం. 45వ ఏట వీళ్లలో కుంగుబాటు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో ఎక్కువున్నవాళ్లు వీళ్లలో 20 శాతం, అసలు వేధింపు పడనివాళ్లలో 16 శాతం. తేడా చిన్నదే, కానీ మధ్యలో ముప్పై నాలుగేళ్లు గడిచాయి.

ట్యాంకు పోలిక ఇక్కడ ఆగిపోతుంది. ట్యాంకు నేర్చుకోదు, మెదడు నేర్చుకుంటుంది. అందువల్లే బాగుపడటానికీ వీలుంది. పైన చెప్పినవి సగటు లెక్కలు, ఏ ఒక్క పిల్లాడి జాతకమూ కావు. పిల్లాడు మూగబోతే గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లున్నారు. దిష్టి తీయడం వల్ల వేరే హాని లేదు. కానీ అది పనిచేస్తుందేమోనని ఎదురుచూసే రెండు మూడు వారాలూ స్విచ్చు పడుతూనే ఉంటుంది, అదే నష్టం.

మరి స్విచ్చు పడకుండా ఏం చేయాలి? పై రెండు దినుసులనే తీసేయాలి: చూసే జనాన్నీ, నిస్సహాయతనూ. టొరంటో బడుల ఆటస్థలాల్లో పిల్లలకు మైకులు తగిలించి, దూరంనుంచి వీడియో తీసిన పరిశోధకులు 2001లో చెప్పింది వినండి. తోటి పిల్లలు ఎవరైనా అడ్డం వెళితే, సగానికి పైగా సార్లు 10 సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సల్మివాలి బృందం రూపొందించిన కీవా పద్ధతికి ఇదే పునాది. ముందు బాధితుడితో ఒంటరిగా మాట్లాడతారు. తర్వాత చేసినవాళ్లను ఒక్కొక్కరినీ విడివిడిగా పిలుస్తారు. అందరినీ ఒకేసారి పిలిస్తే గుంపు బలం గదిలోకీ వస్తుంది. తరగతిలో మాట చెల్లే ఇద్దరినుంచి నలుగురు పిల్లలను ఎంచుకుని, బాధితుడి పక్కన కూర్చోమని, ఆటలో కలుపుకోమని అడుగుతారు. కొన్ని రోజులయ్యాక మళ్లీ పిలిచి, ఆగిందో లేదో కనుక్కుంటారు. మనవాళ్లు వదిలేసేది ఈ చివరి మెట్టునే.

మన దగ్గర మామూలుగా జరిగేది వేరు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలిపిస్తారు. బలం తేడా ఉన్నచోట రాజీ కుదరదు. సాయంత్రం బస్సు వెనకసీట్లో దానికి వడ్డీ కట్టాల్సి వస్తుంది. "నువ్వూ తిరిగి కొట్టు" అనే సలహా ఇంకా ప్రమాదం. అమెరికాలో 1420 మందిని పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనంలో, దెబ్బలు తింటూ తామూ వేరేవాళ్లను కొట్టినవాళ్లే అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నారు.

ఇంట్లో చేయాల్సింది: "ఎవరైనా కొట్టారా?" అని అడిగితే "లేదు" అంటారు. "ఈరోజు అన్నం ఎవరి పక్కన తిన్నావు?" అని అడగండి. వారం రోజులు వరసగా "ఎవరూ లేరు" అంటే అది జవాబే. కటీఫ్ చెప్పి ఒకమ్మాయిని అందరూ వెలేస్తే గాయం కనబడదు కాబట్టి ఈ ప్రశ్న ఆడపిల్లలకు మరీ అవసరం. ఒక నోటుపుస్తకంలో అయిదు గళ్లు గీయండి: తేదీ, సమయం, చోటు, చేసినవాళ్లు, చూసినవాళ్లు. బడికి వెళ్లినప్పుడు "ఎప్పుడూ ఏడిపిస్తారు" అంటే ఎవరూ కదలరు. "మంగళ, గురువారాలు, పీటీ పీరియడ్ అయ్యాక, కుళాయిల దగ్గర" అంటే అక్కడ ఒక టీచర్‌ని నిలబెట్టగలరు. అయిదో గడి పనికిమాలినదని వదిలేయకండి. పక్కన కూర్చోవాల్సిన ఆ నలుగురి పేర్లు దొరికేది అందులోనే.

హాస్టల్ పిల్లల సంగతి వేరు. ఇంటికొచ్చే పిల్లాడికి సాయంత్రం నాలుగింటి తర్వాత మట్టం దిగడానికి వ్యవధి ఉంటుంది. గురుకులంలోనో కార్పొరేట్ హాస్టల్లోనో ఉండే పిల్లాడికి పక్క మంచం మీదే ఆ మనిషి ఉంటాడు. అక్కడ మొదట మార్చాల్సింది గది, ఆ రోజే. విచారణ తర్వాత చేసుకోవచ్చు. చచ్చిపోవాలనుందని పిల్లలు ఎప్పుడన్నా అంటే, నవ్వుతూ అన్నా సరే, ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. పిల్లలే స్వయంగా చేసుకోగలిగే పిల్లల సహాయవాణి నంబరు 1098. అది నోటుపుస్తకం అట్ట లోపల రాసి ఉంచండి.