కారు అద్దాల మీద చారలు, మసక: అపోహలు - వాస్తవాలు

"బండంతా తళతళలాడుతోందన్నా. రాత్రి ఎదురు లైటు పడిందంటే మాత్రం అద్దమంతా తెల్లబడిపోయి రోడ్డే కనపడట్లేదు." కార్లని లోపలా బయటా శుభ్రం చేసి మెరుగుపెట్టే మా డీటెయిలింగ్ షాపుకొచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇది. ఆ వెంటనే అడిగేది, ఏ లిక్విడ్ వాడాలని. లిక్విడ్ సంగతి తర్వాత. అద్దం మీద చారలు పడేది ఏదో తక్కువై కాదు, ఎక్కువై. సబ్బో, మైనమో, నీళ్లలో ఉప్పో, డ్యాష్‌బోర్డు పాలిషో ఏదో ఒకటి అక్కడ చేరి ఉండిపోయింది. ముందు దాన్ని కరిగించాలి, కరిగినదాన్ని బట్టలోకి ఎక్కించి తీసేయాలి. ఈ రెండో పని చెయ్యకుండా ఎంతసేపు తుడిచినా ఈ మూల జిడ్డు ఆ మూలకి చేరుతుందంతే.

అపోహ: లోపలి అద్దానికి మురికేం పడుతుంది, బయట కడిగితే చాలు.

రాత్రిపూట ఏడిపించే మసకలో ఎక్కువ భాగం లోపలిదే. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే రసాయనాలు ఎండ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై, వెళ్లి అద్దానికి పడతాయి. మే నెల ఎండలో అద్దాలన్నీ బిగించి నిలబెట్టిన కొత్త కారులో ఈ పొర తొందరగా కడుతుంది. దానికి తోడు సిగరెట్ పొగ, ఊపిరిలో తేమ. ఇంకొకటి చెబితే కొందరికి కోపం వస్తుంది: డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ ముందు రోజూ వెలిగించే అగరబత్తి. ఆ పొగ నేరుగా ముందు అద్దానికే తగులుతుంది. దేవుణ్ణి అక్కడే ఉండనివ్వండి, అగరబత్తి మాత్రం బయట బానెట్ ముందు తిప్పండి.

వాటర్ సర్వీసింగ్ వాళ్లు ఫ్రీగా కొట్టే నిగనిగల డ్యాష్‌బోర్డు పాలిష్ కూడా వద్దనండి. చాలావాటిలో ఉండేది సిలికాన్. స్ప్రే తుంపర్లు ఎగిరి అద్దం మీద పడతాయి, పైగా మెరిసే డ్యాష్‌బోర్డు నీడ పగలు అద్దంలో కనపడి చికాకు పెడుతుంది.

పొర ఉందో లేదో తెలియాలంటే అద్దం మీద దగ్గరగా ఊపిరి వదలండి. ఆవిరి అంతటా ఒకేలా పరుచుకుని ఒకేలా పోతే శుభ్రంగా ఉన్నట్టు. గీతలు, వేలిముద్రలు, పాత బట్ట తిప్పిన సున్నాలు బయటపడితే పని మిగిలుందన్నమాట.

అపోహ: న్యూస్‌పేపర్‌ని మించింది లేదు.

పూర్తిగా అబద్ధమేం కాదు. ఇంటి కిటికీకి, బీరువా అద్దానికి బాగానే పనిచేస్తుంది. నూలు పోగులు వదలదు, తడి పీలుస్తుంది. కారులో మాత్రం ముందు అద్దం వంపు తిరిగి, కింద డ్యాష్‌బోర్డుతో కలిసే ఇరుకు మూలలోకి పోతుంది. అక్కడ తడి పేపర్ ముక్కలైపోతుంది. దాని సిరా తలుపు బీడింగులకీ, లేతరంగు రూఫ్ లైనింగ్‌కీ అంటుకుంటుంది.

పొట్టి నేత లేదా గళ్ల నేత మైక్రోఫైబర్ బట్టలు రెండు కొనుక్కోండి, ఒకటి తడి చెయ్యడానికి, ఒకటి ఆరబెట్టడానికి. బొచ్చు ఎక్కువున్నవి బాడీకి మంచివి, అద్దానికి కాదు. వాటిని ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వెయ్యొద్దు. అది పోగులకి పట్టి, తడి పీల్చుకోనివ్వదు, తుడిచినప్పుడు అద్దానికీ అంటుతుంది. "కొత్త బట్టైనా చారలొస్తున్నాయి" అనేవాళ్ల దగ్గర నేను మొదట అడిగేది ఇదే.

అపోహ: నీళ్లన్నీ ఒకటే.

తాగే నీటిలో కరిగి ఉన్న లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే 2000 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. కారు కడిగే బోరు నీళ్లని కొలిచేదెవరు? నీళ్లు ఆరిపోతాయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం అద్దం మీదే ఉండిపోతాయి. గీజర్ కాయిల్‌కి పట్టే తెల్ల పెచ్చు ఇదే సరుకు.

ఇంకా ఘోరం, ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లని వృథా ఎందుకని బకెట్లో పట్టి కారు కడగడం. మెషిన్ వడగట్టి వద్దనుకున్న లవణాలన్నీ చిక్కగా ఉండేది అందులోనే. ఆ నీళ్లని బాత్‌రూమ్ ఫ్లష్‌కి వాడండి, నిక్షేపంగా. చివరి తుడుపుకి మాత్రం ఆర్వో మంచినీళ్లు, లేదా ఇంటి ఏసీ పైపు నుంచి కారే నీళ్లు వడగట్టి వాడండి. గాలిలో తేమ చల్లబడి వచ్చినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపుగా ఉండవు. అద్దాలన్నిటికీ ఒక లీటరు ఎక్కువే.

ఇప్పటికే పడిన తెల్ల మచ్చలకి వైట్ వెనిగర్, నీళ్లు సగం సగం. బట్ట తడిపి కొన్ని నిమిషాలు మచ్చకి ఆనించి పెట్టి, తర్వాత శుభ్రంగా కడిగేయాలి. ఏళ్ల తరబడి పేరుకున్నవి దీనికి లొంగవు. వాటికి సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ పట్టాలి, అది చెయ్యి తిరిగినవాళ్లకే వదిలెయ్యండి.

అపోహ: వెనిగర్‌తో అన్నీ పోతాయి.

ఉప్పు మచ్చ పోతుంది. లోపలి జిడ్డు పొర పోదు. దానికి జిడ్డుని కరిగించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్, ఆర్వో నీళ్లు సగం సగం కలిపి వాడతాను. తలుపులు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, బట్ట మీదే స్ప్రే చెయ్యాలి. అద్దం మీద కొడితే చుక్కలు డ్యాష్‌బోర్డు స్పీకర్లలోకి, స్విచ్‌లలోకి పోతాయి. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడవండి. చార మిగిలితే ఏ వైపుదో గీత చూస్తేనే తెలిసిపోతుంది. తలుపు అద్దాన్ని రెండంగుళాలు దించి పై అంచు కూడా తుడవండి, చాలామంది వదిలేసే నల్లగీత అక్కడే ఉంటుంది. వెనక అద్దం మీద ఆవిరి పోగొట్టే సన్నటి డీఫాగర్ తీగలుంటే మాత్రం వాటి వెంబడే అడ్డంగా.

అపోహ: ఎండలో అయితే తొందరగా ఆరుతుంది.

తొందరగా ఆరడమే గొడవ. తుడిచేలోపే సబ్బు, ఉప్పు అక్కడ అతుక్కుపోతాయి. నీడ, చల్లని అద్దం, పొద్దున్నే.

అపోహ: నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ.

బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ మోతాదు మించితే కడిగాక కూడా పొర మిగులుతుంది. మైనం కలిపిన షాంపూలు బాడీకి మెరుపే, ముందు అద్దానికి మాత్రం వైపర్ తిరిగిన ప్రతిసారీ మసక.

అపోహ: పొడిగుడ్డతో దులిపితే సరిపోతుంది.

అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే జరిగేది ఇదే. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ స్కేలు మీద ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజానిది 7, గాజుది సుమారు 5.5. దుమ్ముని పొడిగా రుద్దడమంటే గాజుని గీకడమే, ఆ గీతలు ఏ లిక్విడ్‌తోనూ పోవు. పొడి అద్దం మీద వైపర్ వేసినా అంతే. మామిడి చెట్టు కింద పెట్టే కార్లకి ఇంకో బాధ. పూత కాలంలో తేనెమంచు పురుగు విసర్జించే బంక అద్దానికి పట్టి, దాని మీద దుమ్ము చేరుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లతో నానబెట్టాకే చెయ్యి పెట్టండి.

అపోహ: సన్‌ఫిల్మ్ ఉన్న అద్దానికి ఏ క్లీనరైనా ఒకటే.

అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఫిల్మ్‌ని, దాని జిగురుని పాడుచేస్తాయి. డబ్బా వెనక చదివి కొనండి.

అపోహ: వానలో అద్దానికి పొగాకు రుద్దితే వైపర్ అక్కర్లేదు.

లారీ డ్రైవర్ల పాత చిట్కా. నీళ్లు చుక్కలుగా నిలవకుండా పొరలా జారతాయి, కాసేపు పనిచేస్తుంది. రాత్రిపూట వైపర్ చెడిపోయి దారిలో ఇరుక్కుంటే సరే, వాన వెలిశాక అదే రసం ఎండి మసక కడుతుంది.

ఇంత చేసినా ముందు అద్దం అంచుల్లో తెల్లటి మచ్చ మిగిలి, లోపలా బయటా గోటికి తగలట్లేదంటే అది మురికి కాదు. ముందు అద్దం అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. ఆ అతుకు ఊడుతోందన్నమాట. దాన్ని మా షాపుకి తేవద్దు, గ్లాసు మార్చేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.