ఆక్సీకరణం, క్షయకరణం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఏళ్ల తరబడి రసాయనశాస్త్రం చెబుతున్నాను. సమీకరణాలను చకచకా తుల్యం చేసే పిల్లలు కూడా, "ఇందులో ఎలక్ట్రాన్లను ఇచ్చింది ఏది, తీసుకున్నది ఏది?" అని అడిగేసరికి ఆగిపోతారు. లోపం వారి తెలివిలో లేదు, చిన్న తరగతుల్లోనే మనసులో నాటుకుపోయిన కొన్ని అభిప్రాయాల్లో ఉంది.

అపోహ: ఆక్సిజన్ కలిస్తేనే ఆక్సీకరణం.

ఈ పొరపాటుకు పేరే కారణం. 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లవోయిజియర్ గ్రీకు మాటల నుంచి ఈ వాయువుకు కూర్చిన పేరుకు 'ఆమ్లాన్ని పుట్టించేది' అని అర్థం. మన పాత పుస్తకాల్లోని 'ఆమ్లజని' సరిగ్గా దాని అనువాదమే. ఆమ్లాలన్నింటిలో ఆక్సిజన్ ఉండి తీరుతుందన్న ఆయన నమ్మకం హైడ్రోక్లోరిక్ ఆమ్లం దగ్గర వీగిపోయినా, పేరు మాత్రం నిలిచిపోయింది. ఎలక్ట్రాన్లను కోల్పోవడమే ఆక్సీకరణం. సోడియం క్లోరిన్‌లో మండి ఉప్పుగా మారే చోట ఆక్సిజన్ ఊసే లేదు, అయినా సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది కనుక అది ఆక్సీకరణం చెందినట్టే.

అపోహ: క్షయకరణంలో పదార్థం ఏదో పోగొట్టుకుంటుంది.

'క్షయం' అనగానే తరుగుదల స్ఫురించడం సహజం. ఒకప్పుడు ఆ అర్థం సరిపోయింది కూడా. 160 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్ పూర్తిగా లోహంగా మారితే మిగిలే ఇనుము 112 గ్రాములే, ఎందుకంటే ఆక్సిజన్ వెళ్లిపోతుంది. కానీ ఇనుము వైపు నుంచి చూస్తే, ప్రతి అయానూ (ఆవేశం ఉన్న పరమాణువు) మూడు ఎలక్ట్రాన్లను పొందింది. ఎలక్ట్రాన్లను పొందడమే క్షయకరణం. ఎలక్ట్రాన్ ఆవేశం రుణాత్మకం కాబట్టి, అది వచ్చి చేరిన కొద్దీ ఆక్సీకరణ సంఖ్య, అంటే పరమాణువు మీద ఉన్నట్టు మనం లెక్కించే ఆవేశం, తగ్గుతుంది. అప్పు వచ్చి చేరితే ఆస్తి విలువ తగ్గడం వంటిదే ఇది. ఈ ఒక్క పోలిక చెప్పాక తరగతిలో సగం గందరగోళం తీరిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: ఆక్సీకరణి తానే ఆక్సీకరణం చెందుతుంది.

కాదు, అది ఎదుటి పదార్థాన్ని ఆక్సీకరిస్తూ తాను క్షయకరణం చెందుతుంది. దీన్ని కళ్లారా చూడాలంటే పర్మాంగనేట్ టైట్రేషన్‌కు, అంటే ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా మరోదానిలో కలిపి కొలిచే ప్రయోగానికి, మించినది లేదు. బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి ఊదారంగు పర్మాంగనేట్ చుక్క, ఫెర్రస్ అయాన్లు (+2 స్థితిలోని ఇనుము) ఉండే మోర్ లవణం ద్రావణంలో పడగానే, ఫ్లాస్క్‌ను ఒక్కసారి తిప్పేలోపే రంగు మాయమవుతుంది. +7 స్థితిలోని మాంగనీస్ ఐదు ఎలక్ట్రాన్లను తీసుకుని +2 స్థితికి దిగుతుంది, ఆ ఐదింటిని ఐదు ఫెర్రస్ అయాన్లు తలా ఒకటి చొప్పున ఇస్తాయి. ఇవ్వడానికి ఫెర్రస్ అయాన్లు మిగలని క్షణంలో, చివరి చుక్క లేత గులాబీ రంగుగా నిలిచిపోతుంది. ఒక ఏడాది ఒక విద్యార్థి ఈ ద్రావణంలో కలపాల్సిన విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లానికి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశాడు. క్లోరైడ్ అయాన్లు కూడా పర్మాంగనేట్‌కు ఎలక్ట్రాన్లు ఇవ్వసాగడంతో బ్యూరెట్ రీడింగ్ రావలసినదానికంటే ఎక్కువ వచ్చింది. ఆ తప్పునే తరగతికంతటికీ పాఠంగా చెప్పాను.

ఇక్కడ +7 అంటే మాంగనీస్ మీద నిజంగా ఏడు ఆవేశాలు ఉన్నాయని కాదు. ఆక్సీకరణ సంఖ్య లెక్క కోసం మనం ఏర్పరచుకున్న పద్ధతి మాత్రమే.

అపోహ: చింతపండుతో తోమితే రాగి క్షయకరణం చెంది మెరుస్తుంది.

బేగంబజార్‌లో కొన్న రాగి బిందె కొన్నాళ్లకు నల్లబడితే మన ఇళ్లలో చింతపండే మందు. కానీ చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ నల్లటి కాపర్ ఆక్సైడ్‌ను కరిగించి తీసేస్తుందే తప్ప, దాన్ని తిరిగి లోహంగా మార్చదు. ఆక్సైడ్‌లో +2గా ఉన్న రాగి ద్రావణంలోనూ +2గానే ఉంటుంది. ఎలక్ట్రాన్ చేతులు మారలేదు కనుక ఇది కేవలం ఆమ్ల-క్షార చర్య. తోమిన ప్రతిసారీ బిందె నుంచి కొంత రాగి నీటి వెంట పోతుంది.

వెండి విషయం వేరు. వరలక్ష్మీ వ్రతానికి ముందు బయటికి తీసిన కుందుల మీది నలుపు ఆక్సైడ్ కాదు, గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల ఏర్పడిన సిల్వర్ సల్ఫైడ్. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరచి, కుందులు దానికి తగిలేలా ఉంచి, వంటసోడా కలిపిన మరిగే నీరు పోస్తే, అల్యూమినియం ఇచ్చే ఎలక్ట్రాన్లను వెండి అయాన్లు అందుకుని మళ్లీ లోహపు వెండిగా మారతాయి. కాస్త కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, కాబట్టి కిటికీ తెరిచి ఉంచాలి. ఇది అసలైన క్షయకరణం. వెండి చాలావరకు కుందుల మీదే మిగులుతుంది.

అయితే 'ఆక్సిడైజ్డ్' పేరుతో అమ్మే వెండి నగలను మాత్రం ఈ నీటిలో వేయవద్దు. వాటి చెక్కడపు లోతుల్లో కావాలని పట్టించే నలుపు కూడా సాధారణంగా సిల్వర్ సల్ఫైడే. అందులో ఆక్సైడ్ లేకపోయినా, వెండి పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి +1 స్థితిలో ఉంది కనుక ఆ పేరు తప్పు కాదు. ఫాయిల్ ఆ ఎలక్ట్రాన్‌ను తిరిగి ఇచ్చిందంటే, నలుపుతో పాటు నగ మీది పనితనపు అందం కూడా పోతుంది.