ముడి ఉన్ని: అపోహలు - వాస్తవాలు

ఉన్ని వడకడం నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు నన్ను రాట్నం గురించి అడిగేది తక్కువ. ఎక్కువ ప్రశ్నలన్నీ అంతకు ముందు జరగాల్సిన పని గురించే. గొర్రె నుంచి కత్తిరించి తెచ్చిన బొచ్చును ఇంట్లో ఎలా కడగాలి, కడిగితే అట్టకట్టిపోదా, ఆ వాసన పోతుందా, చెత్త ఎలా తీయాలి అని అడుగుతారు. ఒకరి నుంచి ఒకరు విని పాటిస్తున్న సలహాల్లో చాలావరకు భయంలోంచి పుట్టినవే. ఆ భయంతోనే వేడి కావాల్సిన చోట చల్లనీళ్ళు పోస్తారు, కదపకుండా వదిలేయాల్సిన చోట పిసుకుతారు. నాకు తరచూ వినిపించేవాటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: వేడి నీళ్ళు తగిలితే ఉన్ని అట్టకట్టిపోతుంది

వేడి ఒక్కటే ఉన్నిని అట్టకట్టించదు. ప్రతి ఉన్ని పోగు మీదా సన్నటి పొలుసులు ఉంటాయి. వాటి అంచులన్నీ పోగు కొన వైపే తిరిగి ఉంటాయి. తడిసి వేడెక్కినప్పుడు పోగు మెత్తబడుతుంది. అప్పుడు పిసికినా, రుద్దినా, తిప్పినా ప్రతి పోగూ తన మొదలు వైపుకే జరుగుతుంది, వెనక్కి రావడానికి పొలుసులు అడ్డం పడతాయి. ఇలా అన్నీ ఒకదానిలోకి ఒకటి దూరి బిగుసుకుంటే, దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. అసలు దోషి కదలిక. వేడి, తడి, క్షారం దానికి తోడు పోతాయంతే. 60 డిగ్రీల నీళ్ళలో ఊరికే పడి ఉన్న ఉన్నికి ఏమీ కాదు. గోరువెచ్చటి నీళ్ళే కదా అని చేత్తో కలియతిప్పిన ఉన్ని మాత్రం అట్ట అవుతుంది.

వేడి ఎందుకంటే, మనం జిడ్డు అనేది నిజానికి లానోలిన్ అనే మైనం. అది దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది. చల్లనీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా మట్టి, చెమట పోతాయి తప్ప మైనం కదలదు. తీరా ఆరాక చూస్తే ఉన్ని తెల్లగానే ఉంటుంది, కానీ వేళ్ళకు బంకగా తగులుతుంది. ఆ బంకే తర్వాత ఏకేటప్పుడు, అంటే పళ్ళున్న పలకల మధ్య ఉన్నిని విడదీసేటప్పుడు, ప్రాణం తీస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. వెడల్పాటి టబ్బులో 60 నుంచి 65 డిగ్రీల నీళ్ళు పోస్తాను. థర్మామీటర్ వాడతాను, చేత్తో అంచనా వేయను, ఎందుకంటే ఆ వేడిలో చెయ్యి పెట్టలేం. మందపాటి రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. ముందు ద్రవ డిటర్జెంట్ వేసి నురగ రాకుండా మెల్లగా కలుపుతాను, ఉన్ని ఆఖర్న. పైన పరిచి, అరచేత్తో నెమ్మదిగా కిందికి నొక్కి మునిగేలా చేసి వదిలేస్తాను. పదిహేను, ఇరవై నిమిషాలు. ఈ కాసేపు ఆగడమే కొత్తవాళ్ళకు అన్నిటికన్నా కష్టం. మురికి ఊడుతుంటే చూస్తూ ఊరుకోలేరు, ఒక్కసారి కలిపితే పోదా అనిపిస్తుంది. దయచేసి చేతులు కట్టుకుని నిలబడండి. నీళ్ళు 45 డిగ్రీలకు దిగకముందే ఉన్నిని తీసేయాలి, లేకపోతే ఊడిన మైనం గట్టిపడి మళ్ళీ పోగులకే పట్టుకుంటుంది. ఇలా డిటర్జెంట్‌తో రెండుసార్లు, బాగా సన్నటి, జిడ్డెక్కువున్న మెరినో జాతి గొర్రె ఉన్ని అయితే మూడుసార్లు. తర్వాత ఉట్టి వేడి నీళ్ళతో రెండు జాలింపులు. కుళాయి ధార నేరుగా ఉన్ని మీద పడనివ్వకండి, అది కూడా కదలికే. వల సంచిలో పెట్టి కడిగితే ఎత్తడం, దించడం సులువు. సంచిని మాత్రం కుక్కి నింపొద్దు, లోపలికి నీళ్ళు పోవాలి.

అపోహ: వేడిలోంచి చల్లనీళ్ళలోకి మారిస్తే ఉన్ని పాడవుతుంది

ఇదీ సగం నిజమే. కదపకుండా మారిస్తే ఉష్ణోగ్రతలో తేడా వల్ల పెద్దగా ఏమీ కాదు. జాలించే నీళ్ళు కూడా వేడిగానే ఉండాలని నేను చెప్పేది మైనం మళ్ళీ గడ్డకట్టకుండా ఉండాలని. మైనం మొత్తం పోయాక ఆఖరి జాలింపు చల్లగా ఉన్నా ఫర్వాలేదు.

అపోహ: పని నీళ్ళ దగ్గరే మొదలవుతుంది

నన్నడిగితే మంచి నూలు సగం నీళ్ళు ముట్టుకోకముందే తయారవుతుంది. బొచ్చు మొత్తాన్ని ఒక పాత దుప్పటి మీద, కత్తిరించిన వైపు కిందికి వచ్చేలా పరవండి. చుట్టూ అంచులు తీసేయాలి. పేడ ఉండలు కట్టినవి, పొట్ట కింది చిక్కు ఉన్ని, తొడల దగ్గరి ముతక వెంట్రుక, మెడ దగ్గర గడ్డి దూరిన భాగం అన్నీ పక్కకు. చేతులు రావు, నాకు తెలుసు. ఇంత పారేయడమా అనిపిస్తుంది. తీసిందంతా చెట్ల మొదళ్ళలో కప్పండి, మట్టిలో మెల్లగా కుళ్ళి ఎరువవుతుంది. మిగిలిన మంచి ఉన్నితో చేసే పని ఎంత తేలికవుతుందో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత బొచ్చును ఎత్తి దులపండి. చిన్న చిన్న ముక్కలు రాలతాయి. కత్తెర ఒకే చోట రెండోసారి ఆడినప్పుడు మిగిలిన పొట్టి ముక్కలవి. ఇప్పుడు దులపకపోతే అవే రేపు నూలులో ఉండలై కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. బొచ్చు మధ్యలోంచి పెన్సిలంత లావున ఒక పాయ లాగండి. రెండు కొసలనూ గట్టిగా పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఠపీమని గుంజండి. ఉన్ని ఆరోగ్యంగా ఉంటే తీగ మీటినట్టు ఖంగుమంటుంది. చిటపటమని పోగులు తెగిన చప్పుడొస్తే, లేదా పాయ నడుమ తెగిపోతే, ఆ గొర్రె జబ్బు పడ్డప్పుడో, మేత చాలనప్పుడో, ఈతకు (పిల్లను ఈనడానికి) దగ్గర పడ్డప్పుడో పెరిగిన చోట పోగు సన్నబడిందని అర్థం. అలాంటి బొచ్చు ఎంత తెల్లగా, ఎంత మెత్తగా ఉన్నా వడకడానికి పనికిరాదు, ఏకేటప్పుడే ముక్కలవుతుంది. దిండ్లలోకి వాడుకోండి. భుజం, నడుం, తొడ, మూడు చోట్ల నుంచీ పాయలు తీసి చూడాలి. ఒక్క చోట చూసి సరిపెట్టుకోవద్దు.

ఇంకో మాట. కొన్ని బొచ్చుల్లో గాఢమైన పసుపు చారలు కనిపిస్తాయి. కడిగితే పోతాయనుకోకండి. కొన్ని మరకలు ఎన్ని నీళ్ళు పోసినా అలాగే ఉంటాయి, వాటిని ముదురు రంగు అద్దకానికి అట్టిపెట్టుకోవాలి. ఒక పాయ కడిగి చూసుకుంటే ఆ సంగతి ముందే తేలిపోతుంది.

అపోహ: కిలో బొచ్చు తెస్తే కిలో నూలు వస్తుంది

రాదు. జిడ్డు, చెమట ఉప్పు, మట్టి పోతే ముతక ఉన్ని నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బరువు తగ్గుతుంది. సన్న మెరినో సగానికి సగం కూడా తగ్గొచ్చు. ఏకడంలో, దువ్వడంలో పోయేది దీనికి అదనం. స్వెట్టరుకు ఇంత కావాలని లెక్క వేసుకునేవాళ్ళు దానికి రెట్టింపు ముడి ఉన్ని, మెరినో అయితే ఇంకాస్త ఎక్కువ తెచ్చుకుంటే టెన్షన్ ఉండదు.

అపోహ: బట్టల సబ్బు ఏదైనా సరిపోతుంది

సరిపోదు. ఉన్ని ప్రోటీను, పత్తి సెల్యులోజు. పత్తి తట్టుకునే క్షారాన్ని ఉన్ని తట్టుకోలేదు. గాఢమైన కాస్టిక్ సోడాలో మరిగిస్తే ఉన్ని పూర్తిగా కరిగిపోతుంది. చాకలి సోడా అంత దారుణం కాకపోయినా, వేడి నీళ్ళలో ఎక్కువైతే పోగు గరుకెక్కి పసుపు తిరుగుతుంది. మరకలు పోగొట్టడానికి ఎంజైములు కలిపిన పొడులు కూడా వద్దు, వాటిలో ప్రోటీనును కొరికే రకాలుంటాయి. క్లోరిన్ బ్లీచ్ గురించి ఆలోచించనే వద్దు.

మామూలు సబ్బుతో వచ్చే చిక్కు వేరు. ఉప్పునీళ్ళలో, అంటే కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో, సబ్బు విరిగి తెట్టు కడుతుంది. ఆ తెట్టు పోగులకు అంటుకుంటే మైనం కన్నా మొండిది. రంగు, సువాసన తక్కువగా ఉండే గిన్నెల ద్రవ డిటర్జెంట్ చాలామందికి చాలు. చివర్లో వెనిగర్ వేయాలా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. సబ్బు వాడితే ఆ క్షారం విరగడానికి కాస్త ఉపయోగం. డిటర్జెంట్ వాడినప్పుడు వేసినా నష్టం లేదు, వేయకపోయినా నష్టం లేదు.

అపోహ: వాషింగ్ మెషీన్‌లో ఉన్ని పెట్టకూడదు

ఉతకడానికి పెట్టకూడదు. నీళ్ళు పిండడానికి పెట్టొచ్చు. పిండేటప్పుడు ఉన్ని డ్రమ్ము గోడకు అంటుకుపోయి కదలకుండా ఉంటుంది కాబట్టి అట్టకట్టదు. ఒక్క జాగ్రత్త: కొన్ని మెషీన్లు పిండుతూ మధ్యలో నీళ్ళు చిమ్ముతాయి. మీది ఆ రకమేమో ముందు ఖాళీగా తిప్పి చూసుకోండి. తర్వాత జల్లెడ లాంటి దాని మీద, గాలి ఆడేచోట, నీడలో ఆరబెట్టాలి. మండే ఎండలో రోజుల తరబడి ఉంచితే తెల్ల ఉన్ని పసుపెక్కుతుంది.

ఆరిందో లేదో చేత్తో ముట్టుకుని చెప్పలేం. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా తడి లేనట్టే అనిపిస్తుంది. పొడిగా ఉందనుకున్నాక కూడా ఇంకొక రోజు వదిలేసి అప్పుడు సంచిలో పెట్టడం మంచిది.

అపోహ: జిడ్డు మొత్తం పోవాలి / జిడ్డుతోనే వడకాలి

రెండు వర్గాలూ గట్టిగానే వాదిస్తాయి. కొత్తగా కత్తిరించిన బొచ్చును వెచ్చటి చోట పెట్టుకుని జిడ్డుతోనే వడకొచ్చు. నూలు జారుతూ హాయిగా సాగుతుంది, తర్వాత చిలపగా (నూలు కట్టగా) చుట్టి కడుక్కోవచ్చు. కానీ నెలల తరబడి నిలవున్న బొచ్చులో మైనం గట్టిపడి ఉంటుంది, పోగులు సాగవు. పైగా జిడ్డు ఉన్నిని కార్డుల (ఏకే పలకల) పళ్ళ మీద వేస్తే ఆ పళ్ళ మధ్య పేరుకునే మురికిని వదిలించడం నరకం. అద్దకం వేయాలన్నా జిడ్డు అడ్డమే. నేనైతే దాదాపు ఎప్పుడూ కడిగే వడుకుతాను. కడిగాక మరీ పొడిబారి, ఏకేటప్పుడు పోగులు గాల్లోకి లేస్తుంటే నూనె కలిపిన నీళ్ళు కొద్దిగా చిలకరించి ఒక రాత్రి మూసి ఉంచితే చాలు.

అపోహ: గడ్డీ గింజా ఏకేటప్పుడు రాలిపోతాయి

కొంత రాలుతుంది, కొంత నలుగుతుంది. ఒక్క పొడవాటి గడ్డిపోచ కార్డుల మధ్య పడితే పది ముక్కలై ఏకు (ఏకిన ఉన్ని) అంతా పరుచుకుంటుంది. ముళ్ళకాయలైతే విడిపోయి మరీ ఘోరం. కాబట్టి పాయలు విడదీసేటప్పుడే చేత్తో ఏరాలి. చెత్త మరీ ఎక్కువుంటే ఏకడం మానేసి దువ్వెనలతో దువ్వండి, దువ్వెన పొట్టి పోగుల్నీ చెత్తనూ వెనక్కి పట్టి ఉంచుతుంది. అయినా పోకపోతే ఆ బొచ్చును వదులుకోండి. లోకంలో గొర్రెలకు కొదవ లేదు.

అపోహ: ఎంత ఎక్కువ ఏకితే అంత మెత్తన

మెత్తదనం గొర్రె ఇస్తుంది, కార్డు ఇవ్వదు. పోగు మందం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దాని కొస చర్మానికి గుచ్చుకుంటుంది, అలాంటివి వందకు ఐదు దాటినా చాలామందికి దురద తెలుస్తుంది. మెరినో సాధారణంగా 24 మైక్రాన్ల లోపే ఉంటుంది. ముతక ఉన్నిని వెయ్యిసార్లు ఏకినా మెరినో కాదు. తెగిన పోగులు ముడిపడి ఉండలు మాత్రం కడతాయి. కార్డుల పళ్ళు ఒకదాన్నొకటి కొరకకూడదు, ఉన్ని మాత్రమే తగలాలి. గీరుతున్న చప్పుడు వస్తోందంటే మీరు లోతుగా నొక్కుతున్నట్టే. రెండు మూడు సార్లు అటు నుంచి ఇటు మారిస్తే ఏకు సిద్ధం.

ఏకాలా, దువ్వాలా అన్నది పోగు పొడవే చెబుతుంది. పది సెంటీమీటర్ల లోపు ఉన్నిని ఏకి, గాలి నిండిన మెత్తటి నూలు తీయొచ్చు. అంతకన్నా పొడవైతే దువ్వడమే మేలు. పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుని నునుపైన, గట్టి నూలు వస్తుంది.

అపోహ: ముడి ఉన్ని ముట్టుకుంటే రోగాలొస్తాయి

19వ శతాబ్దంలో ఇంగ్లాండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో దిగుమతైన మోహేర్ (అంగోరా మేక బొచ్చు), అల్పాకా (ఒంటె జాతి జంతువు) ఉన్ని బేళ్ళను విప్పి వేరుచేసే కార్మికులు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు. అది పశువుల నుంచి సోకే ఆంత్రాక్స్ అని తర్వాత తేలింది. ఈ భయానికి అలా ఒక చరిత్ర ఉంది. ఆరోగ్యంగా ఉన్న మంద నుంచి తెచ్చుకునే బొచ్చుతో అంత గండం లేదు కానీ, జాగ్రత్త మాత్రం కావాలి. దులిపేటప్పుడు ఆరుబయట, మాస్కు పెట్టుకుని దులపండి. చేతికి గాయముంటే గ్లవ్స్, ధనుర్వాతం టీకా. ఈతల సమయంలో మాయ, రక్తం అంటిన ఉన్ని వల్ల క్యూ ఫీవర్ అనే బాక్టీరియా జ్వరం రావచ్చు, గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. గొర్రెలకు పురుగుమందు స్నానం చేయించి ఎన్నాళ్ళయిందో కాపరిని అడగండి. ఈ ప్రశ్న ఎవరూ అడగరు, కానీ ఆ మందు మన చేతికే అంటుతుంది.

అపోహ: నాఫ్తలిన్ ఉండలు వేస్తే చిమ్మట రాదు

ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. ఎగిరేదానికి తినే నోరే పనిచేయదు. నాఫ్తలిన్ ఆవిరి చిక్కగా నిలిచేంత బిగుతైన పెట్టెలోనే పురుగు చస్తుంది, ఆ ఆవిరి మనక్కూడా మంచిది కాదు. సువాసన ఆకులు, పువ్వులు గుడ్లనూ పిల్లపురుగులనూ చంపవు. చెమట, మురికి ఉన్న ఉన్ని మీదే వాటికి ఇష్టం ఎక్కువ కాబట్టి, కడగకుండా దాచడమే వాటికి విందు పెట్టడం. కొత్తగా వచ్చిన బొచ్చు దేన్నయినా సరే, పాత నిల్వలతో కలపకముందు గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగితే చెమ్మ సంచి మీదే పడుతుంది, ఉన్నికి అంటదు.