మొలకెత్తిన బార్లీ, పసివాళ్ల అరుగుదల

చైనాలో పిల్లలకు అన్నం అరగకపోతే వీపు మీది చర్మాన్ని మునివేళ్లతో పట్టి, నడుం కింది నుంచి మెడ దాకా నలుపుకుంటూ పోతారట, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. నిజమే. దాన్ని నియేజీ అంటారు. దానివల్ల ఆకలి పుడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నన్ను పట్టుకుని వదలనిది ఆ చైనా సంప్రదాయ వైద్యులే పిల్లలకు ఇచ్చే మరో మందు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. వాళ్లు దాన్ని మైయా అంటారు.

ఆ వైద్యంలో అరుగుదల అంతా ‘పి’ చేతిలో ఉంటుంది. ఆ మాటకు ప్లీహం అనే అర్థం, కానీ అది మన పాఠ్యపుస్తకంలోని ప్లీహం కాదు. తిన్నదాన్ని సత్తువగా మార్చి ఒళ్లంతా పంచే పని మొత్తానికి వాళ్లు పెట్టుకున్న పేరు. కండలూ కాళ్లూ చేతులూ దాని అధీనంలోనే ఉంటాయట. పసివాళ్లలో అది ఎప్పుడూ కొంత తక్కువే అన్నాడు 16వ శతాబ్దపు వైద్యుడు వాన్ ఛ్వాన్. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ చిక్కిపోయిన బిడ్డను వాళ్లు ‘గాన్’ అనే రోగం కింద విడిగా లెక్కపెట్టారు. పోషకాహార లోపమో, కడుపులో నులిపురుగులో అని ఈనాటి డాక్టరు అనుమానిస్తారు. మన ఇళ్లలో అలాంటి బిడ్డకు ముందు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తారు. బరువు తూయించడం ఎప్పటికో గుర్తొస్తుంది. ఆ ఆలస్యమే నాకు బాధ.

ఇక బార్లీ. గింజ నానగానే లోపలి బీజం గిబ్బరెల్లిన్ అనే హార్మోను వదులుతుంది. అది పైపొర కణాలకు చేరితే అక్కడ ఆల్ఫా ఎమైలేజ్ తయారవుతుంది. మొలకకు తిండి కావాలి, ఉన్న తిండి పిండిపదార్థం, దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఇది. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో మొలకెత్తిన బార్లీ నుంచే దీన్ని వేరుచేసి డయాస్టేజ్ అన్నారు. మనిషి వేరుచేసిన తొలి ఎంజైమ్ అదే.

అందుకే మైయా అరుగుదలకు మంచిదని చాలామంది తేల్చేస్తారు. కానీ పిల్లలకు ఎక్కువగా ఇచ్చేది మాడేలా వేయించిన మైయా, దాన్ని కషాయం కాచి మరీ ఇస్తారు. అంత వేడికి ఎంజైమ్ మిగలదు. మిగిలినా కడుపులోని ఆమ్లం చాలావరకు చంపేస్తుంది.

ఎంజైమ్ అసలు సత్తా కడుపులో కాదు, గిన్నెలో కనిపిస్తుంది. పిండి ఉడికితే అందులోని పిండిపదార్థపు పొడవాటి గొలుసులు నీటిని పట్టుకుని, ఒకదానికొకటి చిక్కుకుని జావ గట్టిపడుతుంది. చిక్కుపడ్డ దారపు ఉండను కొసల నుంచి కాక మధ్యమధ్యలో కత్తిరించినట్టు, ఆల్ఫా ఎమైలేజ్ గొలుసును లోపల ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది. కొన్ని తెంపులకే ఉండ వదులవుతుంది. అందుకే జావ అంతగా తీపెక్కకముందే పలచబడిపోతుంది.

దీని విలువ బిడ్డ కడుపు కొలతలో ఉంది. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే 8 కిలోల బిడ్డకు 240. వంద మిల్లీలీటర్ల జావలో 8 గ్రాముల పిండి ఉంటే దాదాపు 28 కేలరీలు, 20 గ్రాములు ఉంటే 70. కానీ 20 గ్రాములు వేస్తే ముద్దవుతుంది, బిడ్డ మింగలేడు. చెంచాడు మొలక పిండి కలిపితే అదే ముద్ద జారుగా మారుతుంది, కేలరీలు మాత్రం తగ్గవు.

బార్లీయే కానక్కర్లేదు. మన రాగుల మొలకలోనూ ఈ ఎంజైమ్ బాగానే ఉంటుంది. అయితే అంగట్లో రాగి మాల్ట్ అని అమ్మేవన్నీ మొలకెత్తించినవి కావు, అట్ట మీద చదవాలి. ఇంట్లో చేసుకుంటే మొలకల్ని ఎండబెట్టాలి, మాడ్చకూడదు. జావ ఉడికాక దించి, కొంచెం చల్లారనిచ్చి, ఆవిరి వస్తుండగానే మొలక పిండి కలపాలి. మరుగుతున్నప్పుడు వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. కొద్ది నిమిషాల్లో జావ గరిట నుంచి జారడం కంటికే తెలుస్తుంది. అప్పుడు మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక్క పొంగు రానివ్వాలి, ఎందుకంటే గింజ నానినప్పుడు మొలకతోపాటు సూక్ష్మక్రిములూ పెరుగుతాయి. అప్పటికి ఎంజైమ్ పని అయిపోయి ఉంటుంది, చచ్చినా నష్టం లేదు.